తెనుఁగునాటి రాత్రిరంగములు

రంగశబ్దమును రాగశబ్దమును రంజధాతువునుండియే పుట్టినవి. ఘఞ్ ప్రత్యయము పరమగునపుడు భావకరణార్థములందు ధాతువునందలి నకారము లోపించి రాగమగును. అధికరణార్థమున నకారము నిలిచి రంగమగును. అనఁగా రంజింపఁజేయునది రాగము. రంజనము జరుగు చోటు రంగము. ఈ సంబంధము వ్యాకరణమునందే కాక చరిత్రమునందుఁ గూడఁ గానవచ్చును. ఐనను చరిత్రము రంగమును గట్టించినవారి పేళ్లను శిలలపై నిలిపి, అందుఁ బాడినవారి పేళ్లను దఱచుగా విడిచినది.

కాకతీయ రుద్రదేవుఁడు 1163లో హనుమకొండయందుఁ గట్టించిన వేయిస్తంభముల గుడిలోను, రేచర్ల రుద్రుఁడు 1213లోఁ బాలంపేటయందుఁ గట్టించిన రామప్పగుడిలోను మండపము ప్రధానాంగము. గణపతిదేవుని గజసాహిణియగు జాయపసేనాని శకవర్షము 1175లో (క్రీ. శ. 1253-54) నృత్తరత్నావళిని రచించెను. దాని యెనిమిది యధ్యాయములలో మొదటి నాలుగు మార్గమునకును, తక్కిన నాలుగు దేశికిని జెందినవి. జనులలో నున్న పేరణి, రాసకము, చర్చరి మొదలగువానికి శాస్త్రగౌరవము గల్పించుట యీ సేనాని విశేషము.

గుడి వెలుపలి రంగమునకు క్రీడాభిరామము సాక్షి. ఇది వినుకొండ వల్లభరాయని పేర నున్నను శ్రీనాథకృతమని కొందఱి వాదము. ఇందు మంచనశర్మయు టిట్టిభసెట్టియు నోరుగల్లు వీథులలోఁ దిరుగుచుఁ బల్నాటివీరుల కథ పాడు స్త్రీని, జక్కుల పురంధ్రిని, మాచల్దేవి చిత్రశాలను జూతురు. ఇచ్చట వీథియే రంగము, బాటసారులే సభ్యులు.

పదునేడవ శతాబ్ది మధ్యమున గోలకొండకు వచ్చిన పరాసు వర్తకుఁడు తవెర్నియే భాగ్యనగరమున నిరువదివేలకుఁ బైఁగా వేశ్యలు దరోగా పుస్తకమున నెక్కిరనియు, రాత్రి వారి వాకిళ్లలో దీపములు వెలుఁగు వేళనే కల్లుదుకాణములు తెఱవఁబడుననియు, ప్రతిశుక్రవారము వారు రాజమందిరము ముందు ఆడుదురనియు వ్రాసెను. సంఖ్యను విమర్శించియే గ్రహింపవలయును; కాని యతఁడు చెప్పిన కారణము గమనింపఁదగినది. వారు పన్ను గట్టకున్నను, వారివలనఁ గల్లు విరివిగా నమ్ముడుపోయి రాజునకు రాఁబడి గలుగుచుండెను. 1881లోఁ బారిసునఁ దెఱవఁబడిన ‘నల్లపిల్లి’ యను పానశాలయందును గానపానములు రెండు నొక్క కప్పు క్రిందనే చేరినవి. గోలకొండలో రంగము బొక్కసమును నింపినది. ఆడినవారికి మిగిలినది నింద.

పేరు నిలిచినవారును లేకపోలేదు. హైదరాబాదునఁ బ్రసిద్ధిగాంచిన మాహ్ లఖా బాయి చందా (1768-1824) గాయనియే కాక యుర్దూ కవయిత్రి. ఆమె సమాధి మౌలాలి గుట్ట చెంత నున్నది. ఐతే ఆమె పేరును నిలిపినది రంగము గాదు, ఆమె వ్రాసిన గజళ్ల సంపుటము.

ఈ ప్రశ్న ప్రాచీనము మాత్రమే కాదు. ఆర్మూరు మొదలగు పసుపు వర్తకస్థానములు గల నిజామాబాదు జిల్లాలో దళితబాలికలను గ్రామదేవత కర్పించి, ఉత్సవములలోను శవయాత్రలలోను నాడించు జోగినీదురాచారము ఇరువదవ శతాబ్దిలోను నిలిచియుండెను. హేమలతా లవణం మొదలగు సంస్కర్తలు దానితోఁ బోరాడిరి. 1988లో ఆంధ్రప్రదేశ శాసనము దానిని నిషేధించెను. అంతకు మూఁడేండ్ల ముందు, 1985 శివరాత్రినాఁడు, నటరాజ రామకృష్ణ రామప్పగుడి యెదుటఁ బేరణిని మరల నాడించెను. ఈ రెండు కార్యములును బరస్పర విరుద్ధములు గావు. కళను బ్రదికించుట వేఱు, కళాకారిణిని బంధించుట వేఱు. రాగమునకు రంగ మావశ్యకము. పాడువారి స్వేచ్ఛ యంతకంటె నావశ్యకము.