గ్వేయూ: ఒక ఎలక్ట్రానిక్ తుక్కు పట్టణం చరిత్ర

చైనా దక్షిణ తీరాన గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో, షాన్‌టౌ నగర పరిధిలో ఉన్న గ్వేయూ, ఎలక్ట్రానిక్ తుక్కు విడగొట్టే వ్యాపారానికి ప్రపంచమంతటా పేరుమోసిన చిన్న పట్టణం. లియాన్‌జియాంగ్ నదికి చేరువలోని ఆ పల్లపు నేలలను తరచూ వరదలు ముంచేవి. సేద్యం ఒక్కదాన్నే నమ్ముకుని బతకలేని అక్కడి కుటుంబాలు, కంప్యూటర్లు రావడానికి చాలా ముందే, బాతు ఈకలు, పంది ఎముకలు, పాత లోహపు ముక్కలు సేకరించి అమ్మే వృత్తిలో కుదురుకున్నాయి. ఏ వస్తువులో ఏది ధర పలుకుతుందో గుర్తించే నేర్పు, దాన్ని దూరపు వర్తకులకు చేర్చే సంబంధాలు అప్పటికే ఉన్నందువల్ల, 1980ల చివర నుంచి విదేశీ తుక్కు రావడం మొదలైనప్పుడు గ్వేయూ దాన్ని సులువుగా అందుకోగలిగింది.

ఎలక్ట్రానిక్ వ్యర్థాలంటే వాడకం ముగిసిన కంప్యూటర్లు, టీవీలు, ఫోన్లు, ప్రింటర్లు, వాటి విడిభాగాలు. వాటిలో రాగి, బంగారం, వెండి ఎంత విలువైనవో, సీసం, కాడ్మియం, పాదరసం అంత ప్రమాదకరమైనవి. పర్యావరణ నిబంధనలు బిగిసిన సంపన్న దేశాల్లో ఈ రెంటినీ విడదీయడం ఖరీదైన పనిగా మారింది. కూలి చౌకగా దొరికే చోటికి ఓడలో పంపడమే లాభసాటి అయింది. అలా అమెరికా, జపాన్ వంటి దేశాల సరుకు హాంకాంగ్ మీదుగా గ్వేయూ చేరింది.

అక్కడ పని ఇంటింటి కార్ఖానాలుగా చీలిపోయింది. కొందరు బొగ్గు పొయ్యిల మీద సర్క్యూట్ బోర్డులను వేడిచేసి, టంకం కరిగాక చిప్పులను ఊడదీసేవారు. కొందరు ఆ చిప్పులను ద్రవరాజంలో, అంటే బంగారాన్ని సైతం కరిగించగల గాఢ హైడ్రోక్లోరిక్, నత్రికామ్లాల మిశ్రమంలో, ముంచి బంగారం రాబట్టేవారు. మరికొందరు రాగి కోసం తీగలను బహిరంగంగా తగలబెట్టేవారు. స్థానికులు యజమానులు కాగా, పొగకూ ఆమ్లానికీ దగ్గరగా నిలబడే పని ఎక్కువగా ఇతర రాష్ట్రాల నుంచి వలస వచ్చిన కూలీల పాలైంది. మిగిలిన ఆమ్లం, బూడిద కాలువల్లో కలిసి భూగర్భ జలం తాగడానికి పనికిరాకపోవడంతో, మంచినీటిని బయటి నుంచి లారీల్లో తెప్పించుకోవలసి వచ్చింది.

ఈ వ్యాపారం చట్టాలు లేని కాలంలో పెరిగింది కాదు. ప్రమాదకర వ్యర్థాలు దేశాలు దాటడాన్ని నియంత్రించే బాసెల్ ఒప్పందం 1989లో కుదిరి 1992లో అమల్లోకి వచ్చింది. అమెరికా దానిపై సంతకం చేసినా నేటికీ ధ్రువీకరించలేదు. 2000లో చైనా ఎలక్ట్రానిక్ తుక్కు దిగుమతిని నిషేధించిన తరువాత కూడా సరుకు ఆగలేదు. 2002లో బాసెల్ యాక్షన్ నెట్‌వర్క్, ఇతర సంస్థలతో కలిసి వెలువరించిన నివేదిక గ్వేయూ పరిస్థితిని లోకానికి చూపింది. 2007లో ప్రచురితమైన ఒక అధ్యయనం, అక్కడి చిన్నపిల్లల రక్తంలో డెసిలీటరుకు సగటున 15.3 మైక్రోగ్రాముల సీసం ఉందని, పొరుగునే ఉన్న చెన్‌దియన్‌లో అది 9.94 మాత్రమేనని తేల్చింది.

మార్పు తెచ్చింది కేవలం నిషేధం కాదు. 2015 చివరికల్లా ఇంటి కార్ఖానాలను మూయించి, మురుగునీటి శుద్ధి ఏర్పాట్లున్న పారిశ్రామిక వాడకు తరలించాకే గ్వేయూ వీధుల్లో మంటలు తగ్గాయి. అయితే నేలలోకి ఇంకిన లోహాలు మాత్రం అలాగే మిగిలాయి.

భారతదేశానికి ఇది పరాయి కథ కాదు. 2002 నాటి ఆ నివేదికే ఢిల్లీలోని తుక్కు కార్ఖానాలనూ ప్రస్తావించింది. ఉత్పత్తిదారుడే తన వస్తువును చివరికి వెనక్కి తీసుకునే బాధ్యత వహించాలన్న నిబంధనలు ఇక్కడ 2012 మే నుంచి అమల్లోకి వచ్చాయి. సర్క్యూట్ బోర్డుల నుంచి లోహాలను సురక్షితంగా రాబట్టే పద్ధతులను హైదరాబాద్‌లోని సీ-మెట్ పరిశోధన కేంద్రం రూపొందించింది. అయినా 2022లో ప్రపంచంలో పోగైన 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాల్లో పద్ధతి ప్రకారం సేకరించి శుద్ధి చేసినట్లు నమోదైనది 22.3 శాతమే. విడగొట్టే ఖర్చును వస్తువు ధరలోనే కలపకుండా, ఆ పనిలో నేర్పు గడించిన తుక్కు కార్మికుడికి సురక్షితమైన చోటు చూపకుండా విధించే ఏ నిషేధమైనా ఈ వ్యాపారాన్ని ఒక ఊరి నుంచి మరో ఊరికి తరలిస్తుందే తప్ప అంతం చేయదని గ్వేయూ చరిత్ర రుజువు చేస్తోంది.