కాలేయపు గట్టిదనం చెప్పే అల



ఆంగ్లంలో షియర్ అన్న మాటకు రెండు అర్థాలున్నవి. ఒకటి కత్తెరతో కోయడం. రెండవది, ఒక వస్తువులోని పొరలు ఒకదానిమీద ఒకటి పక్కకు జరగడం. పేకముక్కల దొంతిపై అరచేయి ఆనించి పక్కకు నెట్టితే జరిగేది అదే. వైద్యంలో అతిధ్వని నేడు ఈ రెండు పనులూ చేస్తున్నది. రెండింటినీ ఒకటిగా భావించేవారు తరచు తటస్థపడుతుంటారు కనుక కొంచెం విడదీసి చెబుతాను.

కత్తి పని త్వరగా ముగించడమే మేలు. 1967లో అమెరికా నేత్రవైద్యుడు ఛార్లెస్ కెల్మన్, దంతవైద్యులు పండ్లగార తొలగించే అతిధ్వని పరికరాన్ని చూసి, అటువంటి కంపనంతోనే కంటిశుక్లాన్ని ముక్కలు చేసి పీల్చివేసే ఫేకో పద్ధతిని ప్రవేశపెట్టాడు. 1990 దశకంలో అతిధ్వని కత్తెర ల్యాపరోస్కోపిక్ శస్త్రచికిత్సలోకి వచ్చింది. దాని కొన సెకనుకు సుమారు 55,500 సార్లు కంపిస్తుంది. ఆ రాపిడికి కణజాలంలోని మాంసకృత్తులు జిగురై రక్తనాళాన్ని మూస్తాయి. ఆపైన అది తెగుతుంది. రోగి దేహంగుండా విద్యుత్తు ప్రవహించదు. అయితే కోత ముగిసినా కొన కొంతసేపు వేడిగానే ఉంటుంది. పక్కనున్న పేగుకు తగిలితే కాలుతుంది. పరికరం కొత్తదైనా చేయి పాతదై ఉండాలనడం అందుకే.

ఇక రెండవ అర్థం. కొబ్బరి తాడు ఒక కొన కట్టి, రెండవ కొన పట్టుకుని విదిలించి చూడండి. వదులుగా ఉంటే అల మెల్లగా పాకుతుంది. బిగించితే చరచరా పోతుంది. ఘనపదార్థాలలో పక్కకు ఊగుతూ సాగే తిర్యక్ తరంగపు తీరూ ఇంతే. పదార్థం ఎంత గట్టిదో, అల అంత వేగం. వేగం తెలిస్తే గట్టిదనం తెలుస్తుంది.

ఈ సూత్రంతో మన ప్రాంతపు విశ్వవిద్యాలయం చేసిన పని మనలో ఎందరికి తెలుసు? 1909లో జన్మించి, సి.వి.రామన్ వద్ద పరిశోధన చేసిన సూరి భగవంతం 1930 దశకంలో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం బోధించారు. అప్పటికి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు ఏర్పడలేదు. మన ఊళ్లలో అధికభాగం విశాఖపట్నం జిల్లాలోనివే. 1942 ఏప్రిల్ 6న విశాఖపై జపాను బాంబులు పడిన తరువాత విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలింది. ఆ వలసకాలంలోనే, 1944లో, భగవంతం, భీమసేనాచార్ వజ్రపు స్థితిస్థాపక గుణకాలను అతిధ్వనితో కొలిచి 'నేచర్' పత్రికలో ప్రకటించారు.

వారి ఉపాయం చక్కనిది. ఒక అంచు పలుచగా, మరొక అంచు మందంగా సానబట్టిన క్వార్ట్జ్ పలకను విద్యుత్తుతో కంపింపజేస్తే, కావలసిన పౌనఃపున్యం దానినుంచే లభిస్తుంది. పరీక్షించవలసిన స్ఫటికపు పలక ఏ పౌనఃపున్యం వద్ద ధ్వనిని బాగా సాగనిస్తుందో చూస్తారు. పలక మందం తెలుసు కనుక అల వేగం లెక్కకు వస్తుంది. ప్రపంచమంతా యుద్ధంలో మునిగి ఉన్న రోజులలో, వలసవచ్చిన ప్రయోగశాలవారు చేసిన పని ఇది!

నేటి కాలేయ పరీక్ష ఆ పనినుంచే పుట్టిందని నేను చెప్పబోను. దాని దారి వేరు. 1998లో ఆర్మెన్ సర్వజ్యాన్, ఆయన సహచరులు దేహంలోని తిర్యక్ తరంగాలతో గట్టిదనాన్ని చిత్రించే పద్ధతిని వివరించారు. పారిస్‌లో 2001లో ఏర్పడిన ఎకోసెన్స్ సంస్థ ఫైబ్రోస్కాన్‌ను తీసుకువచ్చింది. ఇది పక్కటెముకల మధ్య చర్మాన్ని మృదువుగా తడుతుంది; లోపల అల పుడుతుంది; అతిధ్వని దాని వెంటపడి వేగాన్ని కొలుస్తుంది. మామూలు అతిధ్వని మన కండలో సెకనుకు 1,540 మీటర్లు పోతే, ఈ తిర్యక్ తరంగం ఒకటి రెండు మీటర్లే పోతుంది, కాలేయం గట్టిపడితే ఇంకా కొంచెం ఎక్కువ. వేగం రెట్టింపైతే గట్టిదనం నాలుగు రెట్లు: సెకనుకు 1 మీటరంటే సుమారు 3 కిలోపాస్కల్‌లు, 2 మీటర్లంటే 12.

మేము విద్యార్థులుగా ఉన్నప్పుడు ఈ పని వేళ్లతో చేసేవాళ్లం. కాలేయపు అంచు మెత్తగా ఉన్నదా, చెక్కలా ఉన్నదా అని. వేళ్లకు దొరికేనాటికి వ్యాధి ముదిరిపోయి ఉండేది.

మీ చేతికి నివేదిక వస్తే ఇవి గమనించండి. ఇతర లక్షణాలు లేనివారిలో 10 కిలోపాస్కల్‌ల లోపు ఉంటే ముదిరిన కాలేయవ్యాధి ఉండే అవకాశం తక్కువ; 15 దాటితే బలమైన అనుమానం. పరీక్షకు ముందు కనీసం 3 గంటలు ఏమీ తినరాదు. భోజనం చేసి వెళితే అంకె పెరుగుతుంది. తీవ్రమైన కామెర్లలో, గుండె వైఫల్యంలోకూడ అది అసలుకన్న ఎక్కువ చూపుతుంది. పొట్టలో నీరు చేరితే ఫైబ్రోస్కాన్ పనిచేయదు, ద్రవంలో తిర్యక్ తరంగం సాగదు గనుక.

కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపునుంచి వచ్చేవారు అడిగే ప్రశ్న వేరు: "డాక్టరుగారూ, ఈ మిషను మా కిడ్నీని ముందే పట్టదా?" కిడ్నీ లోతుగా ఉంటుంది, దాని నిర్మాణం అన్ని దిక్కులా ఒకేలా ఉండదు, రక్తప్రవాహాన్నిబట్టి గట్టిదనం మారుతుంది. అందువల్ల కాలేయానికి దొరికినంత నమ్మకమైన అంకె దానికి ఇంకా దొరకలేదు. ఉద్దానపు వ్యాధిలో మూత్రంలో ప్రోటీను పెద్దగా కనిపించకుండానే కిడ్నీ దెబ్బతినవచ్చు. కనుక మూత్రపరీక్ష బాగుందని ఊరుకోక, రక్తంలో క్రియాటినిన్ చేయించుకుని, దానినుంచి లెక్కగట్టిన వడపోత రేటును అడిగి వ్రాయించుకోండి. పాత కాగితాలు పారవేయకండి. పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన 200 పడకల కిడ్నీ ఆసుపత్రికి వెళ్లినా, మరెక్కడికి వెళ్లినా, వైద్యుడు మొదట పోల్చి చూసేది నిరుటి అంకెతోనే.