పెద్దాపరేషన్‌ను నిలబెట్టిన కుట్టు

మన ఊళ్లలో దాన్ని 'పెద్దాపరేషన్' అంటారు. ఆస్పత్రి కాగితాల్లో సిజేరియన్. ఆ పేరు రాగానే జూలియస్ సీజర్ అలాగే పుట్టాడన్న కథ ఎవరో ఒకరు ఎత్తుకుంటారు. కథ బాగుంది గానీ లెక్క కుదరదు. సీజర్ పెద్దవాడై గాల్ దేశం మీద యుద్ధాలు చేస్తున్న నాటికి కూడా తల్లి ఆరేలియా బతికే ఉంది. ఆ కాలంలో కోత చనిపోయిన గర్భిణికే. బిడ్డను తీయకుండా ఆమెను పాతిపెట్టకూడదని రోమన్ల చట్టం. తల్లి పోయినా కడుపులో కదలిక ఉంటే కోసి బిడ్డను తీయాలని సుశ్రుత సంహిత కూడా చెబుతుంది.

బతికున్న తల్లిని కోస్తే? 19వ శతాబ్దం మధ్యకు మత్తుమందు వచ్చింది. ఆ తర్వాత లిస్టర్ అనే సర్జన్ పుణ్యమా అని క్రిములను చంపే మందూ వచ్చింది. అయినా తల్లులు పోతూనే ఉన్నారు. ఎందుకంటే డాక్టర్లు పైన పొట్టను కుట్టి, లోపల గర్భసంచిని మాత్రం తెరిచినది తెరిచినట్టే వదిలేసేవారు! అది తనంతట తానే ముడుచుకుంటుందని నమ్మకం. లోపలి కుట్లు మళ్లీ తీయలేం, చీము పడుతుందని భయం.

1876లో ఇటలీలోని పావియాలో ఎడ్వార్డో పోర్రో గర్భసంచినే తీసేశాడు. తల్లీబిడ్డా దక్కారు, ఆమెకు మళ్లీ కాన్పు మాత్రం లేదు. 1882లో లైప్‌జిగ్ డాక్టర్ మాక్స్ జెంగర్ వెండి తీగతో, పట్టుదారంతో గర్భసంచిని కుట్టవచ్చని, కుట్టి తీరాలని వాదించాడు. పెద్దాపరేషన్ నిలబడింది ఆ కుట్టు మీదే. తర్వాత నిలువు కోత పోయి, గర్భసంచి కింది భాగంలో అడ్డకోత వచ్చింది. ఈ కోత మానాక పడే మచ్చ గట్టిది. అందుకే మొదటిది ఆపరేషనైనా, అన్నీ అనుకూలిస్తే రెండోది మామూలు కాన్పు కావచ్చు.

ఇప్పుడు ఆపరేషన్ ఎంత తేలికైందంటే, ముహూర్తం పెట్టుకుని మరీ చేయించుకుంటున్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో నూటికి 21.5 కాన్పులు సిజేరియన్లే. ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7!

అయితే కోత కోతే. పైకి కనిపించే గాయం వారం పది రోజుల్లో ఆరినట్టుంటుంది. లోపల పొరలు, గర్భసంచి అతుక్కోవడానికి వారాలు పడుతుంది. అందుకే ఆరు వారాలు బరువులెత్తొద్దంటారు. అలాగని మంచానికి అతుక్కుపోకూడదు. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఉండాలని మర్నాటికల్లా లేపి నాలుగడుగులు వేయిస్తారు.

ఇక చీము భయం మన ఇళ్లలో ఇంకా పోలేదు. పప్పు తింటే కుట్లు చీము పడతాయని బాలింతను కారప్పొడి మెతుకులతో సరిపెడతారు. చీము పట్టించేది క్రిములు, కందిపప్పు కాదు. గాయం మానడానికి కావలసిన మాంసకృత్తులు ఉన్నది ఆ పప్పులోనే. బాలింతకు పప్పన్నం పెట్టండి, గుడ్డు పెట్టండి. జ్వరం వచ్చినా, కుట్ల దగ్గర ఎర్రబడినా, రసి కారినా ఆ రోజే డాక్టరుకు చూపించండి.