ఆర్గులా ఫాన్ గ్రుంబాఖ్

ఆర్గులా ఫాన్ గ్రుంబాఖ్ (సుమారు 1492–1554) దక్షిణ జర్మనీలోని బవేరియాకు చెందిన ప్రభువంశ స్త్రీ. మార్టిన్ లూథర్ మతసంస్కరణను సమర్థిస్తూ సొంత పేరుతో కరపత్రాలు వెలువరించిన తొలి ప్రొటెస్టెంట్ రచయిత్రులలో ఒకరు.

స్టౌఫ్ వంశంలో పుట్టిన ఆర్గులాకు పదేళ్ల వయసులోనే తండ్రి జర్మన్ బైబిల్ ఇచ్చాడు గాని, అది చదవవద్దని ఫ్రాన్సిస్కన్ సన్యాసులు వారించారు. తర్వాత ఆమె మ్యూనిక్ ఆస్థానంలో, చక్రవర్తి సోదరి అయిన కునిగుండె పరిచారికగా పెరిగి, డీట్‌ఫుర్ట్ పట్టణ పాలనాధికారి ఫ్రీడ్రిఖ్ ఫాన్ గ్రుంబాఖ్‌ను పెళ్లాడింది. భర్త పాత మతాన్ని వీడలేదు.

లూథర్ బోధనలను బవేరియా పాలకులు 1522లో నిషేధించారు. మరుసటి ఏడు సెప్టెంబరులో ఇంగోల్‌స్టాట్ విశ్వవిద్యాలయం ఆర్సాకియస్ జేహోఫర్ అనే పద్దెనిమిదేళ్ల యువ విద్వాంసుణ్ణి, లూథర్ భావాలను ప్రచారం చేశాడన్న నేరం మోపి, కొత్త నిబంధన చేతబట్టించి అందరి ఎదుట అవే భావాలను త్యజింపజేసి, ఏట్టాల్ మఠంలో నిర్బంధించింది. పండితులలో ఒక్కరూ నోరు మెదపకపోవడంతో, ఆర్గులా 1523 సెప్టెంబరు 20న విశ్వవిద్యాలయానికి బహిరంగ లేఖ రాసింది. స్త్రీలు సభలో మౌనం వహించాలన్న పౌలు మాట తనకు తెలుసని ఒప్పుకుంటూనే, పురుషులెవరూ మాట్లాడనప్పుడు క్రీస్తును బహిరంగంగా ఒప్పుకోవడం ప్రతి విశ్వాసి విధి అవుతుందని వాదించింది. తనకు లాటిన్ రాదు కనుక జర్మన్‌లోనే వాదానికి రమ్మని పండితులను ఆహ్వానించింది. లాటిన్ రాకపోవడమే ఇక్కడ ఆమెకు కలిసివచ్చిందనాలి: లేఖ సామాన్యుల భాషలో ఉండటంతో కొద్ది నెలల్లోనే పద్నాలుగు ముద్రణలు పొందింది.

విశ్వవిద్యాలయం వాదానికి రాలేదు, దండన మాత్రం భర్త మీద పడింది. భార్యను అదుపులో పెట్టలేకపోయాడని డ్యూక్ అతణ్ణి కొలువు నుంచి తొలగించడంతో కుటుంబం ఆర్థికంగా చితికింది. తనను ఎగతాళి చేస్తూ వెలువడిన పద్యానికి 1524లో పద్యంలోనే బదులిచ్చిన తర్వాత ఆమె ఇంకేమీ అచ్చుకు ఇవ్వలేదు. అయితే సంస్కర్తలతో సంబంధం తెగలేదు. 1530 జూన్‌లో కోబర్గ్ కోటలో లూథర్‌ను కలిసినప్పుడు బిడ్డ చేత పాలు మాన్పించే పద్ధతి చెప్పగా, ఆయన దాన్ని భార్య కథరీనకు జాబులో రాసి పంపాడు. అదే ఏడు ఫ్రీడ్రిఖ్ మరణించాడు. 1533లో కౌంట్ ష్లిక్‌తో జరిగిన రెండో వివాహం కూడా రెండేళ్లకే అతని మృతితో ముగిసింది. నలుగురు సంతానంలో ముగ్గురు ఆమె కళ్లెదుటే పోయారు.