వినైల్ అమరిక (కటింగ్ ప్లాటర్)

కటింగ్ ప్లాటర్‌లో వినైల్ షీటు పక్కకు జరగకుండా తిన్నగా నడిచేలా ఎక్కించే పని. రేడియం స్టిక్కర్ల దుకాణాల్లో ఇది నిత్యకృత్యం. ఈ యంత్రంలో బ్లేడు అడ్డంగా, షీటు ముందుకూ వెనక్కూ కదులుతాయి. కింద గరుకు రోలర్లు లాగుతుంటే పైన రబ్బరు పించ్ రోలర్లు అదిమి పడతాయి. ఇవి గరుకు భాగం మీదే దిగాలి. మీటరుకు 2 మిల్లీమీటర్ల వాలున్నా 5 మీటర్లకు అంచు ఒక సెంటీమీటరు తప్పుకుంటుంది, రోలర్ కింద నుంచి జారిపోవచ్చు కూడా. చేత్తో కోసిన ముందంచును నమ్మకూడదు. ఫ్యాక్టరీలో కోసిన పక్క అంచునే యంత్రం మీది గీతకు సమాంతరంగా పెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం, కోతకు ముందే డిజైను పొడవంతా షీటును ఒకసారి నడిపి వెనక్కి తేవడం. అంచు గీతను వీడితే రోలర్లు ఎత్తి మళ్లీ సర్దాలి. బరువైన చుట్టను యంత్రంతో లాగించకుండా, కావలసినంత ముందే విప్పి వదులుగా ఉంచాలి.