నాహ్లిన్ నౌకావిహారము



మౌనము అర్ధాంగీకారమని పెద్దలందురు. పెండ్లిమాటలు జరుగునప్పుడు కన్య మారుపలుకక తలవంచినచో సమ్మతించినదని తలచి తాంబూలములు పుచ్చుకొందుము. గృహకృత్యములలో ఈ మాట ఎంతవరకు చెల్లునో గాని, రాజ్యకార్యములలో దీనిని నమ్ముకొన్నవారికి కీడు వాటిల్లును. ఇందుకు 1936వ సంవత్సరమున మధ్యధరా సముద్రతీరముల వెంట జరిగిన ఒక నౌకావిహారము నిదర్శనము. ఆ విహారము నాలుగు వారములైన నిండలేదు. అది ముగిసిన మూడు మాసములకు బ్రిటిషు సింహాసనముపై రాజు మారెను.

1936 జనవరి 20వ తేదీన అయిదవ జార్జి మరణింపగా ఆయన జ్యేష్ఠపుత్రుడు ఎనిమిదవ ఎడ్వర్డు అను పేర రాజయ్యెను. అప్పటికాయనకు 41 ఏండ్లు, అవివాహితుడు. వాలిస్ సింప్సన్ అను అమెరికా వనితపై ఆయన మనసు నిలిచియుండెను. ఆమె మొదటి భర్తతో 1927లో విడాకులు పొంది, 1928లో రెండవ వివాహము చేసికొన్నది. ఆ రెండవ వివాహబంధము అప్పటికింకను తెగలేదు. ఇంగ్లండు రాజు ఆ దేశపు క్రైస్తవ సంఘమునకు అధిపతి. విడాకులు పొందిన స్త్రీకి మొదటి భర్త జీవించియుండగా మరల పెండ్లి చేయుటకు ఆ సంఘము నాడు సమ్మతించెడిది కాదు. చిక్కంతయు నిచ్చటనే యున్నది.

ఆ వేసవిలో రాజు ఫ్రాన్సు దక్షిణతీరమున విడిది చేయదలచెను. కాని ఫ్రాన్సులో కలతలుండెను. జూలైలో పొరుగుననున్న స్పెయినులో అంతర్యుద్ధము రేగెను. అందుచే ఆ తలపు మాని, 'నాహ్లిన్' అను విహారనౌకను బాడుగకు గైకొనెను. ఇట్టి నౌకలను ఇంగ్లీషువారు యాట్ అందురు. ఇది 1930లో స్కాట్లండునందలి క్లైడ్‌బాంకులో జాన్ బ్రౌన్ వారి కర్మాగారమున నిర్మింపబడినది. పొడవు 300 అడుగులు. ఆవిరి టర్బైన్లతో నడచును. అతిథులకు స్నానపు గదులతో గూడిన ఆరు శయనమందిరములును, గ్రంథాలయమును, వ్యాయామశాలయు నందు గలవు. నౌక ముక్కున ఈకల కిరీటము దాల్చిన అమెరికా ఆదిమజాతి నాయకుని ప్రతిమ చెక్కబడియుండెను.

ఇంతటి నౌకను కట్టించినవారెవరు? ఆ ధనమెచ్చటిది? చరిత్ర చదువువారు ఈ ప్రశ్నను మరువరాదు. ఆమె పేరు లేడీ యూల్. కలకత్తాలో ఆండ్రూ యూల్ అను వర్తక సంస్థను నడపిన సర్ డేవిడ్ యూల్‌కు ఆమె భార్య. ఆ సంస్థను 1863లో స్థాపించిన ఆండ్రూ యూల్‌కు కుమార్తె. జనపనార, తేయాకు, బొగ్గు వారి ప్రధాన వ్యాపారములు. ఆండ్రూ సోదరుడగు జార్జి యూల్ 1888లో అలహాబాదున జరిగిన జాతీయ కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించెను. ఆ పీఠమెక్కిన మొదటి ఐరోపీయుడతడే. డేవిడ్ యూల్ 1928లో మరణించుటతో మహైశ్వర్యము ఆయన భార్యకును కుమార్తెకును సంక్రమించెను. గోనెసంచి లేని తెలుగు ఇల్లుండదు. అట్టి గోనెలకు నారనిచ్చు పైరును వంగదేశపు రైతు నడుములోతు నీట నిలిచి కోసెను. హుగ్లీ యొడ్డున కూలివాడు ఆ నారను నేసెను. ఆ గోనెలపై గడించిన విత్తమే చలువరంగు పూసికొని నాహ్లిన్ అయి క్లైడు నదిలో దిగెను.

మొదట వెనిస్ నగరమున నౌకనెక్కవలెనని రాజు తలచెను. కాని ఇటలీ అబిసీనియాను ఆక్రమించి అప్పటికి కొన్ని మాసములే గడచినవి. బ్రిటిషు రాజు ఇటలీలో కాలుమోపినచో లోకమేమనునోయని మంత్రులు వారించిరి. కావున ఆయన రైలులో యుగోస్లావియా చేరి, ఆగస్టు 10వ తేదీన షిబెనిక్ రేవులో నౌకనెక్కెను. లాంకాస్టరు డ్యూకు అను మారుపేరు ధరించెను గాని, రేవున వేలకొలది జనము మూగిరి. సింప్సన్ సతి వెంటనుండెను, భర్త రాలేదు. యుద్ధశాఖామంత్రి డఫ్ కూపరును, ఆయన భార్యయు అతిథులలో నుండిరి. గ్రాఫ్టన్, గ్లోవార్మ్ అను రెండు డిస్ట్రాయరు నౌకలు కాపుగా నడచెను. మారుపేరు పెట్టుకొని రెండు యుద్ధనౌకలను వెంటబెట్టుకొనుట ఎట్టి అజ్ఞాతవాసమో మీరే యూహింపుడు!

డాల్మేషియా తీరము బహు సుందరమైనది. తెల్లని సున్నపురాతి కొండలు సముద్రము దాక దిగివచ్చును. వాని ముందు వందలకొలది దీవులు చెదరియుండును. రాబ్ దీవియు, పిమ్మట డుబ్రోవ్నిక్ నగరమును, కోటర్ అఖాతమును వారు చూచిరి. డుబ్రోవ్నిక్ పూర్వనామము రగూసా. కోటగోడల నడుమ వర్తకులే యేలుకొన్న ఈ చిన్న గణరాజ్యము 1808లో నెపోలియను చేతిలో అంతమొందెను. ఆ వీథులలో జనులు గుంపులు గూడి, ప్రేమకు జయము పలుకుచు కేకలు వేసిరని చెప్పుదురు. రాజు చొక్కాయైన లేక పొట్టి లాగుతో పడవ నడపుచుండగను, సతితో గూడి నడచుచుండగను విదేశ విలేఖరులు ఛాయాచిత్రములు దీసిరి. ఒక చిత్రమున ఆమె హస్తము రాజు ముంజేతిపై నున్నది. అది దేశదేశముల పత్రికల కెక్కెను.

తరువాతి మజిలీ గ్రీసు దేశపు కోర్ఫూ దీవి. అచ్చట గ్రీకురాజు రెండవ జార్జి అతిథులకు విందు చేసెను. ఈయన పదకొండేండ్లు రాజ్యభ్రష్టుడై ప్రవాసమున గడపి, 1935లో మరల సింహాసన మెక్కినవాడు. ఆగస్టు 4వ తేదీన ఆయన సమ్మతితోడనే మెటాక్సాస్ సేనాని నియంతయై శాసనసభను రద్దు చేసియుండెను. సింహాసనమెంత జారుడుపీటయో తెలిసికొనుటకు ఆ రాత్రి భోజనపు బల్లయే చాలియుండును. పిదప నాహ్లిన్ కొరింతు కాలువ దాటెను. కొండను నిలువునకోసి, రమారమి 4 మైళ్ళ పొడవున త్రవ్విన ఈ కాలువకు రోమకచక్రవర్తి నీరో క్రీ.శ. 67లో పని ప్రారంభింపజేసెను. అది 1893లో గాని పూర్తికాలేదు. ఆ ఇరుకు కనుమలో నౌక పోవుచుండగా రాజు డెక్కుపై నిలిచియుండెను. గట్లపైనుండి జనులు ఆయనను తేరిపారజూచిరి.

ఏథెన్సు మీదుగా ఏజియను సముద్రము దాటి నౌక గాలిపోలీ చేరెను. ఇచ్చట మాత్రము విహారము తీర్థయాత్రగా మారెను. 1915లో తురకల కోటలను గెలువబోయి వేలకొలది సైనికులు ప్రాణములు బాసిన నేల యది. రాజు అందలి శ్మశానవాటికలను దర్శించెను. అచ్చటి హెలెస్ స్మారకస్తంభముపై భారతసైనికుల నామములును గలవు. 1915 జూన్ 4వ తేదీన క్రితియా యొద్ద జరిగిన యుద్ధమున 14వ సిక్కు దళములో అత్యధికభాగము హతులును గాయపడినవారును నయిరి. ఆ యుద్ధకాలమున కందకముల కడ్డుగా పేర్చిన ఇసుకబస్తాలకు గోనె కలకత్తా మిల్లులనుండి విస్తారముగా పోయెను. మిల్లుల లాభములు మున్నెన్నడు నెరుగనంత పెరిగెను. రాజునెక్కించుకొని వచ్చిన నౌకకును, రాజు తలవంచి నిలిచిన సమాధులకును నడుమ నొక గోనెపోగు కలదని నేననుకొందును.

సెప్టెంబరు 4వ తేదీన నౌక ఇస్తాంబులు చేరెను. నాడు గాలిపోలీలో తురక సేనలను నడపిన ముస్తఫా కెమాలే, అతాతుర్క్ అను బిరుదుతో దేశాధ్యక్షుడై, రాజునకు ఎదురేగి స్వాగతమిచ్చెను. రాజ్యమేలుచున్న బ్రిటిషు ప్రభువు తురకదేశమునకు వచ్చుట అదియే ప్రథమము. ఇరుదేశముల స్నేహమునకు ఈ రాక తోడ్పడెను. ఆయన చేసిన మేలును మరుగుపరచుట న్యాయము గాదు. అచ్చటితో నౌకావిహారము ముగిసెను. రాజు రైలులో వియన్నా మీదుగా స్వదేశమునకు మరలెను.

ఇప్పుడు అసలు విషయమునకు వత్తము. ఈ నాలుగు వారములును అమెరికా పత్రికలు రాజును గూర్చియు, సింప్సన్ సతిని గూర్చియు పుటలు నింపినవి. ఐరోపా పత్రికలు చిత్రములు ప్రకటించినవి. ఇంగ్లండులో మాత్రము ఒకటి రెండు చిన్న పత్రికలు దప్ప తక్కినవన్నియు నోరు మెదపలేదు. చట్టమేదియు వారిని నిర్బంధింపలేదు. రాజమర్యాదయని పత్రికాధిపతులు తమలో తామే యొక కట్టుబాటు చేసికొనిరి. అమెరికానుండి దిగుమతి యగు పత్రికలలో ఈ సంగతులున్న పుటలను పంపిణీదారులు చింపివేసిరి. కెనడాలోను అమెరికాలోను నున్న ఇంగ్లీషువారు దిగులుపడి ప్రధానమంత్రికిని మతాచార్యులకును జాబులు వ్రాసిరి. ఆ విధముగా పెద్దలకు తెలిసెను, పరదేశీయులకు తెలిసెను. ఎవరి రాజో వారికే తెలియలేదు.

దీని ఫలమేమి? డుబ్రోవ్నిక్ వీథులలో జయధ్వానములు రాజు చెవిని బడెను. స్వదేశమునుండి ఒక్క ఆక్షేపణయు వినరాలేదు. ప్రజలు తన పక్షముననే యున్నారని ఆయన తలచుటలో వింత లేదు. కాని ఆ మౌనము వారి సమ్మతి గాదు, వారి యజ్ఞానము. తెలియనివాడు ఊరకుండుటకును, తెలిసి ఒప్పుకొని ఊరకుండుటకును నేలకును నింగికిని గల యంతరము కలదు.

మౌనమున కర్థములు పెక్కులని ఈ రాజునకు పూర్వమే భారతదేశమున నొక పాఠము లభించియుండెను. యువరాజుగా 1921లో ఆయన మన దేశమునకు రాగా, గాంధీమహాత్ముని సహాయనిరాకరణోద్యమము సాగుచుండెను. డిసెంబరు 12వ తేదీన అలహాబాదులో అడుగిడునప్పటికి అంగళ్ళు మూసియుండెను, వీథులు శూన్యములై యుండెను. ఆ నిశ్శబ్దము ఎంత గట్టిగా 'వలదు' అనెనో ఆయన స్వయముగా చూచెను. పదునైదేండ్లకు అది మరపున బడినట్లున్నది.

మన వాఙ్మయమున దీనికి రెండు ఉపమానములు గలవు. కాళిదాసు రఘువంశాంతమున అగ్నివర్ణుడను రాజును వర్ణించెను. భోగములలో మునిగి, ప్రజలు దర్శనము కోరగా మంత్రుల పోరుపడలేక గవాక్షమునుండి పాదము మాత్రము చూపెనట! ఇక శ్రీరామచంద్రుడు భద్రుని పిలిచి, పౌరులు నన్ను గూర్చి ఏమనుకొనుచున్నారని యడిగెను. భద్రుడు మొదట స్తోత్రములే చెప్పెను. మంచియేగాక చెడ్డయు దాచక చెప్పుమని రాముడు నిర్బంధించెను. ఆ మాటలు విని రాముడు చేసిన పనిని గూర్చి పండితులు నేటికిని వాదింతురు; అది వేరు సంగతి. రాజు అడిగి తెలిసికొనుట మాత్రము రాజధర్మము. బ్రిటిషు పత్రికలు తమ రాజునకు భద్రుడు గావలసినదిపోయి గవాక్షమునకు తెరలైనవి.

అక్టోబరు 27వ తేదీన ఇప్స్‌విచ్ న్యాయస్థానమున సింప్సన్ సతికి విడాకుల తీర్పు దొరకెను. నవంబరు 16వ తేదీన రాజు ప్రధానమంత్రి బాల్డ్విన్‌తో ఆమెను పెండ్లాడెదనని స్పష్టముగా చెప్పెను. డిసెంబరు 1వ తేదీన ఒక మతాచార్యుడు చేసిన ప్రసంగము నెపమున పత్రికల మౌనము సడలెను. 3వ తేదీన లండను పత్రికలన్నియు ఒక్కుమ్మడి కథనంతయు బయటబెట్టెను. 10వ తేదీన రాజు త్యాగపత్రముపై సంతకము చేసెను. నాలుగు మాసములు దాచిన విషయమును ప్రజలు ఎనిమిది దినములలో విని, దిగ్భ్రాంతి చెంది, తీర్పు చెప్పవలసివచ్చెను. నిదానముగా ఆలోచించుటకు వారికిని వ్యవధి లేదు, ఆయనకును లేదు. ఆగస్టులోనే నిజము వెల్లడియైనచో ఆయన వివాహమును మానుకొనెడివాడో, ప్రజలే మెత్తబడెడివారో యెవరు చెప్పగలరు? కాని ఆ ప్రశ్న నడుగు నవకాశమైన ఇరువురకును దక్కియుండెడిది. డిసెంబరు 11వ తేదీ రాత్రి విండ్సరు కోటనుండి రేడియో మూలమున ఆయన తన మాట చెప్పుకొనెను. ప్రజలతో మనసు విప్పి మాటాడుట ఆయనకు రాజ్యము పోయిన పిదపనే లభించెను.

నౌకల కథ చెప్పి ముగించెదను. కాపు నౌకలలో గ్లోవార్మ్ 1940 ఏప్రిల్ 8వ తేదీన నార్వే సముద్రమున జర్మనుల హిప్పర్ యుద్ధనౌకను ఢీకొని మునిగెను. గ్రాఫ్టన్ అదే సంవత్సరము మే 29వ తేదీన డన్‌కిర్కు యొద్ద టార్పీడో తగిలి నశించెను. నాహ్లిన్‌ను 1937లో రుమేనియా రాజు రెండవ కరోల్ కొనెను. ఆయనయు ఒక వనితకై 1925లో రాజ్యాధికారము వదలుకొని, 1930లో మరల గైకొన్నవాడు. 1940లో మరల గోల్పోయెను. పిమ్మట ఆ నౌక 'స్వాతంత్ర్యము' అను నర్థము గల పేరు దాల్చి, డాన్యూబు నదిపై గలాట్స్ పట్టణమున భోజనశాలయై నిలిచెను. 1999లో బ్రిటను చేర్పబడి, 2010 నాటికి పునరుద్ధరింపబడి మరల సముద్రమునకు వెడలెను.

రాజు లేకపోయినను, ఆ చక్రవర్తిత్వము లేకపోయినను, అధికారమున నున్నవారిని పొగడ్తలతో ముంచి, అప్రియమును దాచు మర్యాద లోకమున నింకను పోలేదు. కావున ఏలువారెవరైనను, ఊరు నిశ్శబ్దముగా నున్నదని విన్నప్పుడు సంతోషింపక, భద్రుని పిలిచి అడుగుట మేలు.