మ్యూట్‌లో ఉండండి

ముత్తుకూరు రోడ్డు మీద బొలేరో పోతోంది. వెనక సీట్లో మీరు. ఒళ్లో ఒక అట్టపెట్టె. గుంతల్లో అది ఎగరకుండా పట్టుకోవడమే ఈ పూటకి మీకు అప్పగించిన పని. లోపలున్నది పీటీజెడ్ కెమెరా: అటూ ఇటూ తల తిప్పుతుంది, పైకీ కిందికీ చూస్తుంది, మాట్లాడే మనిషి మొహాన్ని దగ్గరికి లాక్కుంటుంది. మీ కాళ్ల దగ్గర కేబుల్ చుట్టలు, డ్రిల్లింగ్ మిషను. నిచ్చెన సగం లోపల, సగం బయట. ముందు సీట్లో ఉన్నాయన విజిటింగ్ కార్డు మీద ‘ఏవీ ఇంటిగ్రేటర్’ అని ఉంటుంది. ఒకప్పుడు నెల్లూరు మిద్దెల మీద డిష్ యాంటెనాలు తిప్పి బిగించిన చెయ్యి అది. పక్కనున్న పని కుర్రాడు ఆయన్ని అన్నా అంటాడు. మనకీ అన్నే.

రోడ్డుకి రెండు పక్కలా రొయ్యల గుంటలు. ఏరేటర్లు నీళ్లు చిమ్ముతున్నాయి. కృష్ణపట్నం పోర్టు నుంచి బొగ్గు లారీలు ఎదురొస్తున్నాయి, వాటి వెనక పామాయిల్ ట్యాంకర్లు. దూరంగా నేలటూరు థర్మల్ పొగగొట్టాలు. తూర్పున మబ్బు నల్లగా కమ్ముతోంది. బంగాళాఖాతంలో అల్పపీడనమని పొద్దున పేపర్లో వేశారు. చల్లగా ఉందని మీరు కిటికీ దించుతారు.

“అద్దం ఎత్తండి సార్. ఉప్పు గాలి,” అంటాడు అన్న వెనక్కి చూడకుండానే. “కంపెనీవాడు మూడేళ్లు వారంటీ రాస్తాడు. ఈ గాలి రెండో ఏడే జాకులో దూరి కూర్చుంటాది.”

మొదటి మజిలీ పోర్టు దగ్గర ఒక నూనె శుద్ధి కర్మాగారం. పైఅంతస్తులో మీటింగు గది. పన్నెండు కుర్చీలు, పొడుగాటి బల్ల, ఒక గోడ మొత్తం అద్దం, కింద నున్నటి టైల్స్. చెప్పులు బయట విడిచి లోపలికి అడుగు పెట్టగానే అన్న చేసే పని మీకు వింతగా ఉంటుంది. గది నడుమ నిలబడి ఒక్క చప్పట కొడతాడు. చెవి ఒగ్గి వింటాడు. ఇంకోటి కొడతాడు. చప్పుడు అద్దానికి తగిలి, నేలకి తగిలి, గదంతా తిరిగి మళ్లీ వస్తోంది.

“కెమెరా ఏదైనా పెట్టుకోండి సార్, ఈ గదిలో మాట మాత్రం బావిలో మాటే. దళసరి కర్టెన్లు వేయించండి. కింద కార్పెట్.”

మేనేజరు నవ్వుతాడు. “కెమెరాకి హెడ్డాఫీసు బడ్జెట్ ఇచ్చింది. కర్టెన్లకి ఇవ్వలేదు.”

ఈ వ్యాపారమంతా ఆ ఒక్క మాటలో ఉందని నాకు అనిపిస్తుంది. బొమ్మ కళ్లకి కనపడుతుంది కాబట్టి బొమ్మకి డబ్బులొస్తాయి. బొమ్మ కాసేపు ఆగిపోయినా మీటింగు సాగుతుంది, మాట తెగితే అక్కడికి సరి. ఇది ఎరిగినవాళ్లు డ్రిల్లు పట్టుకునేవాళ్లు. కొనేవాళ్లు బ్రోచర్లో 4కే అన్న అక్షరాలు చూసి కొంటారు.

కుర్రాడు గోడకి బెజ్జాలు వేస్తాడు. మీరు నిచ్చెన పట్టుకుంటారు. తెర ఎక్కింది, కెమెరా ఎక్కింది, బల్ల మీద మైకు పాడ్లు కూర్చున్నాయి. స్విచ్ వేయగానే తెర మీద ఒక గీత: సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అవుతోంది, 3 శాతం. కొత్త పెట్టె ఏది విప్పినా ఇదే వరస. ఇక చేసేదేమీ లేదు. టీలు వచ్చాయి. అన్న కథ మొదలుపెడతాడు, ఈ గీత పుణ్యమా అని.

1982లో అమెరికాలో కంప్రెషన్ ల్యాబ్స్ అనే కంపెనీ అమ్మిన వీడియో కాన్ఫరెన్స్ యంత్రం ధర రెండున్నర లక్షల డాలర్లు. లైను అద్దె గంటకి వెయ్యి డాలర్లు. నాలుగేళ్లకి పిక్చర్‌టెల్ వచ్చి యంత్రాన్ని 80 వేలకి, గంట అద్దెను వందకి దించింది. ఆ తర్వాత ఐఎస్‌డీఎన్ లైన్ల కాలం: ఒక్కో చానల్‌కి 64 కేబీ, ఆరు చానళ్లు కలిపితే 384. అందులో చెయ్యి ఊపితే చెయ్యి వెనక తోకలా మసక. అన్న నేర్చుకున్నది ఆ మసకతోనే.

12 శాతం.

2005 డిసెంబరులో హెచ్‌పీ కంపెనీ ‘హాలో’ అని ఒక గదినే అమ్మకానికి పెట్టింది. కార్టూన్ సినిమాల డ్రీమ్‌వర్క్స్ వాళ్లతో కలిసి తయారుచేసింది. గోడ రంగు, బల్ల వంపు, దీపాల వెలుగు అన్నీ రెండు ఊళ్లలోనూ ఒకేలా ఉండాలి. అవతలి మనిషి నిలువెత్తు సైజులో మీ కళ్లలోకి చూడాలి. గది ఖరీదు ఐదున్నర లక్షల డాలర్లు, అప్పటి లెక్కలో సుమారు రెండున్నర కోట్లు. మరుసటి ఏడు అక్టోబరులో సిస్కో దిగింది, మూడు తెరల గది 2,99,000 డాలర్లు. దానికి టెలిప్రెజెన్స్ అని పేరు. 2010లో నార్వే కంపెనీ టాండ్‌బర్గ్‌ని సిస్కో మూడు వందల కోట్ల డాలర్లకు పైగా పోసి కొనేసింది.

హెచ్‌పీ సంగతి వినాలి. 2011లో హాలోని పాలీకామ్‌కి 8.9 కోట్ల డాలర్లకి అమ్మి చేతులు దులుపుకుంది. 2018లో పాలీకామ్‌ని ప్లాంట్రానిక్స్ కొంది. 2022లో ఆ మొత్తాన్నీ హెచ్‌పీయే మళ్లీ కొంది, ఈసారి అప్పులతో కలిపి 330 కోట్ల డాలర్లకి. 2025లో గూగుల్‌తో కలిసి ‘డైమెన్షన్’ పేరుతో కొత్త యంత్రం: 65 అంగుళాల తెర, ఆరు కెమెరాలు, కళ్లద్దాలు లేకుండానే ఎదుటి మనిషి బొమ్మ కట్టినట్టు కనబడతాడట. ధర 24,999 డాలర్లు. ఇరవై ఏళ్లలో అమ్మి, కొని, మళ్లీ అదే కోరికను తక్కువ ధరకి అమ్ముతున్నారు: దూరాన ఉన్నవాడు ఎదురుగా కూర్చున్నట్టు ఉండాలి.

“మన దగ్గర అది ఎవురికి గావాల సార్?” అంటాడు అన్న. “ఇక్కడ అడిగేది ఒకటే. అందరూ కనబడాల, ఒకరు మాట్లాడాల.”

గీత నిండింది. హెడ్డాఫీసుకి కాల్ కలిసింది. తెర మీద వేరే నగరంలోని వేరే గది, సూటు వేసుకున్న ముగ్గురు. మేనేజరు చొక్కా సర్దుకుంటాడు. అద్దం గోడ దగ్గర నవ్వుతున్న ఇద్దరు ఇంజినీర్లు గమ్మున కూర్చుంటారు. అవతల ఒకాయన, “ప్లాంట్ మ్యూట్‌లో ఉండండి, ఎకో వస్తోంది,” అంటాడు. ఇవతల బల్ల మీది మైకు పాడ్లలో ఎర్ర దీపాలు వెలుగుతాయి. డెమో విజయవంతం. కర్టెన్లు లేకుండా ఎకో పోయే మార్గం ఇదొక్కటే మరి.

మధ్యాహ్నం రెండు దాటుతుంది. అన్న ఫోను మోగుతుంది. తీర మండలాల్లో ఒకదాని తహసీల్దారు కార్యాలయం. నాలుగింటికి కలెక్టరు వీసీ, అంటే వీడియో కాన్ఫరెన్స్, తుఫాను జాగ్రత్తల మీద. మైకు పలకడం లేదు.

సముద్రం వైపు తిరిగేసరికి వాన పట్టుకుంది. దారి పొడవునా కరెంటు స్తంభాలు చూడండి. తీగల కింద ఇంకో నల్లటి తీగ వేలాడుతోంది కదా, అది ఫైబర్. ఏపీ ఫైబర్‌నెట్ తీగను భూమిలో పాతకుండా కరెంటు స్తంభాల మీదుగానే లాగారు. ఖర్చు తగ్గింది, పని తొందరగా అయింది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని జాతికి అంకితం చేశారు. మెచ్చుకోదగిన ఆలోచనే. కాకపోతే ఇది తుఫాను తీరం. 1989 నవంబరులో ‘గే’ తుఫాను కావలి దగ్గర తీరం దాటింది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర దాటింది, నెల్లూరును వానతో ముంచింది. స్తంభం ఒరిగితే కరెంటూ మాటా ఒకేసారి పోతాయి, సరిగ్గా రెండూ కావలసిన రాత్రి.

కార్యాలయం హాల్లో తడిసిన గొడుగులు ఒక మూల. రెవెన్యూవాళ్లు, ఎంపీడీవో, ఎస్ఐ, కరెంటు ఏఈ, మత్స్యశాఖ మనిషి, వీఆర్వోలు. తహసీల్దారు మేడమ్ ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో చీటీ. చీటీ మీద పడవల లెక్క. టీవీ, దాని మీద కెమెరా, బల్ల మీద మెడ వంచిన మైకు.

అన్న మైకు తీగ పీకి టార్చి వేస్తాడు. మీరూ వంగి చూడండి. జాకు మీద పచ్చటి చిలుము. ఉప్పు గాలి పని. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన బడ్‌తో రుద్దుతాడు, ఊదుతాడు, మళ్లీ రుద్దుతాడు. “హలో, హలో, చెక్.” స్పీకర్లో మాట పలికింది. గదిలో ఎవరో “హమ్మయ్య” అన్నారు.

వీసీ అనే రెండక్షరాలు ఈ రాష్ట్రంలో కింది ఆఫీసు దాకా తెలిసిన మాట కావడానికి పాతికేళ్ల చరిత్ర ఉంది. 1990ల చివర హైదరాబాద్ సచివాలయం నుంచి జిల్లా కేంద్రాలకి ఏపీస్వాన్ పేరుతో 2 ఎంబీ లైన్లు వేశారు. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు తెర మీదే కలెక్టర్లను నిలబెట్టి లెక్కలడిగేవారు. హాలో గదికి 45 ఎంబీ లైను కావలసివస్తే, ఉమ్మడి రాష్ట్రంలోని ఒక జిల్లా మొత్తం ఆ రెండు ఎంబీల్లో ఇమిడింది. ప్రభుత్వాలు మారినా వీసీ మాత్రం మారలేదు, ఇంకా కిందికి దిగింది: కలెక్టరేటుకి, డివిజనుకి, మండలానికి, గ్రామ సచివాలయానికి. కంపెనీల బోర్డు రూముల కోసం పుట్టిన యంత్రానికి ఇక్కడ పెద్ద కొనుగోలుదారు సర్కారు. సమానులు ఎదురెదురుగా కూర్చోవడానికి చేసిన వస్తువు, మన దగ్గరికొచ్చేసరికి హాజరు పట్టీ అయింది.

అన్నకి ఇందులో తప్పేమీ కనపడదు. ఆయన బాధ ఎల్1. టెండరులో అతి తక్కువ ధర వేసినవాడికే పని. నిబంధనలు ఎన్ని వచ్చినా అది మారలేదు. 2020 ఏప్రిల్‌లో జూమ్ సర్కారు పనికి వాడొద్దని కేంద్ర హోంశాఖ చెప్పింది. అదే ఏడు జులైలో, సరిహద్దు దేశాల కంపెనీలు రిజిస్టరు కాకుండా టెండర్లు వేయకూడదన్న నిబంధన వచ్చింది. కేరళలో చేర్తలకి చెందిన టెక్‌జెన్షియా అనే కంపెనీ, దేశీ వీసీ సాఫ్ట్‌వేర్ కోసం కేంద్రం పెట్టిన పోటీని ఆ ఆగస్టులో గెలిచి కోటి రూపాయల బహుమానం తెచ్చుకుంది. దేశీ సరుకు దారికొచ్చింది, కాగితాలు పెరిగాయి. తక్కువ ధర పోటీలో మొదట కోతపడేది ఎప్పుడూ మైకూ, బ్యాటరీయే.

నాలుగయింది. తెర నిండా చిన్న చిన్న గళ్లు, గడికో మండలం. మధ్యలో పెద్ద గడిలో కలెక్టరు. “అందరూ మ్యూట్‌లో ఉండండి.” పేర్లు పిలుస్తున్నారు. పునరావాస కేంద్రాలు ఎన్ని, బియ్యం ఎంత, గర్భిణులను తరలించారా. ఒక్కో మండలానికి నిమిషం. పేరు వినపడగానే గడిలోని మనిషి లేచి నిలబడుతున్నాడు. లేచాక కెమెరాలో తల పోయి పొట్ట మాత్రం కనపడుతోంది. కుర్రాడికి నవ్వొచ్చింది. అన్న కాలు తొక్కాడు.

మన మండలం పేరు. మేడమ్ లేవలేదు. మైకు దగ్గరికి లాక్కున్నారు. “సార్, రెండు పడవలు ఇంకా రాలేదు. ఫోన్లు కలవడం లేదు. ఇంకోటి, షెల్టరుకి పోయే దారిలో కల్వర్టు—”

కరెంటు పోయింది.

టీవీ వెలుగుతూనే ఉంది. దానికి యూపీఎస్ ఉంది. కెమెరాకీ ఉంది. తెర మీద కలెక్టరు నోరు సగం తెరిచి అలాగే నిలిచిపోయారు. అన్న అప్పటికే బల్ల కింద దూరాడు. ఫైబర్ పెట్టె, రౌటరు నేరుగా గోడ ప్లగ్గులో ఉన్నాయి. యూపీఎస్ తీగ అక్కడిదాకా అందలేదని పెట్టినవాళ్లు వదిలేశారు. మేడమ్ సెల్‌ఫోను తీసి నేరుగా కలెక్టరేటు కంట్రోలు రూముకి కలిపారు. “కల్వర్టు సార్, కల్వర్టు. నీళ్లు పైకొచ్చినాయి. ఇసక బస్తాలు, జేసీబీ కావాల. పడవల నంబర్లు రాసుకోండి,” అని చీటీ చూసి చదివారు. ఆమె గట్టిగానే మాట్లాడారు. అవతల రాసుకుంటున్నవాడు తిరిగి చదివి వినిపించాడు.

ఈలోగా అన్న సంచిలోంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు తీసి రెండు ప్లగ్గులూ యూపీఎస్‌కి మార్చాడు. రౌటరు దీపాలు ఒకటొకటే పచ్చబడ్డాయి. వీసీ తిరిగి వచ్చేసరికి తెర మీద పక్క మండలం.

“సార్, యూపీఎస్ ఎంతసేపు నిలుస్తది?” మేడమ్ అడిగారు.

“టీవీ ఆపేస్తే గంటన్నర పైన వస్తాది మేడమ్. టీవీయే తినేస్తది.”

“ఆపేయండి. మాట వినపడితే చాలు. మళ్లీ మన పేరు పిలిస్తే మైకు పనిచెయ్యాల.”

కుర్రాడు టీవీ ఆపాడు. అన్న జేబులోంచి కొటేషను పుస్తకం తీసి, మోకాలి మీద పెట్టుకుని రాస్తున్నాడు: రౌటరుకి విడిగా చిన్న యూపీఎస్ ఒకటి, మైకు తీగలు రెండు. రెండూ కలిపి ఐదువేలు దాటవు.

“మేడమ్, ఆఫీసుకి ఏ హెడ్డు కింద పెట్టమంటారు? కెమెరా అని రాస్తే తొందరగా శాంక్షన్ అవుతాది.”